గిటారోద్ధరణము: సటీకాతాత్పర్యము

అవతారిక

ఆరే ఆరు ఆటవెలదుల ఈ లఘుగ్రంథానికి కర్త మా మేనల్లుడు. రచనాస్థలం నిజాంపేటలో మా అక్కావాళ్ల ఫ్లాటు, మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ. మూలప్రతి గిటారు వచ్చిన అట్టపెట్టె లోపలివైపు నల్ల మార్కరుతో రాసి ఉంది. "పద్యాల్లో ఎందుకురా?" అంటే, "వీడియోలో చూసింది చూసినట్టే పోతోంది మామయ్యా, పద్యమైతే నోటికుంటుంది" అన్నాడు. పదో తరగతి తెలుగు మాస్టారు చేసిన మేలు ఇన్నాళ్లకు బాల్కనీలో బయటపడింది. గ్రంథనామంలో ఇంగ్లీషు మాటకూ సంస్కృతపు మాటకూ గుణసంధి చేసిన సాహసం మాత్రం పూర్తిగా అతనిదే.

వ్యాఖ్యాతనైన నేను ఆద్యంతం అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవాణ్ణి. పనిముట్టు ముట్టినవాణ్ణి కాను, గిటారు వాయించడం రాదు. ఇది అనర్హత అనుకునేవారు ఒక సంగతి గమనించాలి. స్ట్రాటోకాస్టరు అనే విద్యుత్ గిటారును 1954లో కాలిఫోర్నియా ఫుల్లర్టన్ నుంచి లోకం మీదికి వదిలిన లియో ఫెండరు రేడియోలు బాగుచేసే మనిషి. ఆయనకూ గిటారు వాయించడం రాదు. చేసినవాడికే అక్కర్లేని విద్య వ్యాఖ్యానించేవాడికి ఎందుకు?

శాస్త్రారంభంలో అనుబంధ చతుష్టయం చెప్పడం ఆచారం. విషయం: స్ట్రాటోకాస్టరుకు నకలైన ఒక చవక గిటారు, బాస్‌వుడ్ చెక్క, పసుపు మధ్యలో మొదలై అంచుల్లో నలుపుకు తిరిగే సన్‌బర్‌స్ట్ రంగు, మూడు పికప్పులు. ప్రయోజనం: దాన్ని లేత ఆకుపచ్చ చేయడం, గీమనే రొద తగ్గించడం. సంబంధం: ఆ రెండింటికీ ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేదు. ఇది ముందుముందు తేలుతుంది. అధికారి: ఇంటికి బాల్కనీ ఉండి, అమ్మ ఊళ్లో లేనివాడు.

1

తీగ లూడదీసి తిప్పుము మరలను
నాల్గు, మెడను వేరు నడుమునుంచి
చేసి, పేరు రాసి చీటిపై నొక్కొక్క
మరకు గుర్తు పెట్టు మరువకుండ.

ప్రతిపదార్థం: తీగలు = ఆరు ఉక్కుతీగలను; ఊడదీసి = కత్తిరించక, బిరడాలు తిప్పి వదులు చేసి తీసి; నాల్గు మరలను = మెడ వెనుకనున్న నాలుగు స్క్రూలను; తిప్పుము = ఎడమకు తిప్పుము; మెడను = మెట్లు గల పొడుగు భాగమును; నడుమునుంచి = మొండెమునుంచి; వేరు చేసి = విడదీసి; ఒక్కొక్క మరకు = ఊడిన ప్రతి స్క్రూకు; చీటిపై పేరు రాసి = ఎక్కడిదో తెలిసేట్టు కాగితం మీద రాసి; మరువకుండ = మరచిపోకముందే; గుర్తు పెట్టు = ఆనవాలు ఉంచుము.

"వేరు" ఒక పాదంలో, "చేసి" మరో పాదంలో పడింది. దూరాన్వయ దోషమని నేనన్నాను. మెడా మొండెమూ విడిపోతున్నప్పుడు క్రియాపదం మాత్రం కలిసి ఉండటమేమిటని కర్త సమర్థించుకున్నాడు. వాదం బాగుంది కాబట్టి గుణమని ఒప్పుకుంటున్నాను.

"ఊడదీసి" అన్నచోట జాగ్రత్త. బిగువు మీదున్న ఆరు తీగలూ కలిసి మెడను దాదాపు 45 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ బిగువులో కటింగ్ ప్లేయరుతో టపుక్కున తెంపితే తీగ కొస ఎగిరి కంటికి వస్తుంది. మెడలోపల ఈ లాగుడుకు ఎదురునిలిచే ఉక్కు కమ్మీ ఒకటి ఉంటుంది. తీగలు పోగానే దానికి ఎదిరించడానికి ఏమీ మిగలదు, మెడ కొంచెం వెనక్కి వంగినట్టు కనిపిస్తుంది. మళ్లీ తీగలు కట్టినప్పుడు సర్దుకుంటుంది. కంగారుపడి ఆ కమ్మీని బిగించకూడదు.

శంక: విడదీయడం ఇంత సులభమా? సమాధానం: ఈ వంశంలోనే సులభం. ఫెండరు మెడను మరలతో బిగించాడు, పాడైతే మార్చుకోవచ్చని. 1952లో వచ్చిన గిబ్సన్ వారి లెస్ పాల్‌కు మెడ జిగురుతో అతికించి ఉంటుంది, దానికి ఈ పద్యం వర్తించదు. ఒకే పనసమానులో తొలిచిన బొబ్బిలి ఏకాండి వీణకు అసలే వర్తించదు.

మరో శంక: స్క్రూలు నాలుగేనా? కావు. ముందున్న తెల్ల ప్లాస్టిక్ పలకకే పదకొండు. వెనుక స్ప్రింగుల మూతకు, జాకు పలకకు, పట్టీ గుబ్బలకు వేరే. కాబట్టి "నాల్గు" ఉపలక్షణం. మెడ స్క్రూలు పొడుగు, పలకవి పొట్టి, పికప్పులవి సన్నం. చూడ్డానికి రెండు మూడు రకాలు ఒకేలా ఉండి, కన్నంలోకి దూరాక కాదని తెలుస్తుంది. కర్త చీటీలు రాసి కోడిగుడ్ల అట్టలో గుంటకొకటి చొప్పున వేసి, పైన స్క్రూలు పోశాడు. ఆమ్లెట్టుకని ఆ అట్ట కోసం వచ్చిన మా బావగారు చాలాసేపు మాట్లాడలేదు.

2

వేడి గాలి చూపి విడిపోవు రంగును
గీకు మెల్లమెల్ల గీత పడక
కాలెనేని చెక్క, కన్నీటి ధారతో
నలుపు కడుగబోకు నవ్వు జనము.

తాత్పర్యం: వేడిగాలి గన్నుతో రంగును మెత్తబరచి పుట్టీ కత్తితో నెమ్మదిగా గీకాలి. చెక్క కాలి నల్లబడితే ఏడ్చి లాభం లేదు.

ప్రతిపదార్థం రాయవలసినంత కష్టమేమీ లేదు. కర్త చెప్పకుండా వదిలేసినది ఒకటే: రసాయనం ఎందుకు వద్దు? ఫ్యాక్టరీ గిటార్ల మీద ఈ రోజుల్లో ఉండేది పాలియెస్టరు పూత. తలుపుల రంగు ఊడదీసే మందు దాని మీద పోస్తే మందు ఎండుతుందే గాని పూత కదలదు. వేడికి మాత్రం లొంగుతుంది. బుడగ లేచిన చోట కత్తి దూర్చితే పలకలు పలకలుగా వస్తుంది. ఆ పెచ్చు మందం చూస్తే, లోపలి గిటారుకు ఇన్నాళ్లూ హెల్మెట్ పెట్టారా అనిపిస్తుంది. పొగ మంచిది కాదు. ముక్కుకు మాస్కు, బాల్కనీ తలుపు మూసి ఉంచడం తప్పనిసరి.

ఈ పద్యమే అక్కర్లేదన్నది నా మతం. పాత పూత గట్టిగా పట్టుకుని ఉంటే దాన్ని కాస్త గరుకు చేసి దాని మీదే కొత్త రంగు వేయవచ్చు. శిష్టాచారం కూడా ఉంది. బీటిల్స్ జార్జ్ హారిసన్ 1967లో తన లేత నీలం స్ట్రాటోకాస్టరుకు ఏ వేడిగాలీ చూపలేదు, ఉన్న రంగు మీదే మెరిసే రంగులు పులిమి, తలకట్టుకు భార్య గోళ్ల రంగు పూశాడు. ఆ గిటారు పేరు రాకీ. కర్త దీనికి ఒప్పుకోలేదు. "చెక్క చూడకపోతే చేసినట్టుండదు మామయ్యా" అన్నాడు. చెక్క చూశాడు. బాస్‌వుడ్‌లో చూడదగ్గ చారలేమీ లేవు.

3

నూట యిరువదింట నోము మొదలుపెట్టి
రెండు నూర్ల మీద రేకు మార్చి
వేయిదాక పోయి వెనుకకు చూచిన
మొదటి గీత పిలుచు మూలనుండి.

ప్రతిపదార్థం: నూట యిరువదింట = 120 నంబరు గరుకు కాగితంతో; నోము మొదలుపెట్టి = అరగదీత వ్రతము ఆరంభించి; రెండు నూర్ల మీద = 220 వద్ద; రేకు మార్చి = కాగితము మార్చి; వేయిదాక పోయి = 1000 నంబరు వరకు వెళ్లి; వెనుకకు చూచిన = ఇక అయిందనుకుని పరికించినచో; మొదటి గీత = 120 నాడు పడిన గీరుడు; మూలనుండి = కొమ్ము వంపులోంచి; పిలుచు = పిలుచును.

ఈ శాస్త్రంలో సంఖ్య పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 80 రాకాసి, 2000 పట్టుబట్ట. ఒక నంబరు చేసిన గీతలను తరువాతి నంబరు మాపాలి. నడుమ ఒకటి దాటేసినవాడికే "మొదటి గీత" పిలుపు వినబడుతుంది. దీనికొక చిట్కా ఉంది. ప్రతి నంబరుకూ ముందు చెక్కంతా పెన్సిలుతో పిచ్చిగీతలు గీయాలి. ఆ గీతలన్నీ పోయేదాకా రుద్దితే ఏ మూలా మిగలదు. సెల్‌ఫోన్ టార్చి వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా వేసి చూస్తే, కంటికి నున్నగా ఉన్నచోట చిన్న చిన్న కయ్యలు నీడలతో సహా లేస్తాయి. కర్త ఆ వెలుతురులో మొండేన్ని ఒడిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరేవాడు. చేతికి తెలిసింది కంటికి తెలియదన్నాడు. నేనూ నిమిరి చూశాను. కింది కొమ్ము లోపలి వంపులో, వేలు మాత్రమే దూరే చోట, గోరంత గీత తగిలింది. అక్కడ కాగితాన్ని పెన్సిలుకు చుట్టి రుద్దాడు.

ఇక్కడ కర్త రెండు ఘట్టాలను ఒకే పద్యంలో ఇరికించాడు, విద్యార్థులు పొరబడే ప్రమాదం ఉంది. ఉత్త చెక్కను 220 దగ్గరో 320 దగ్గరో ఆపాలి. మరీ నున్నబడితే పైపూతకు పట్టు దొరకదు. 400, 600, 800, 1000 అనేవి రంగూ వార్నీషూ అయిన తరువాత, వాటర్ పేపరుతో, నీళ్లలో ముంచి చేసేవి. నీళ్లు అన్నాను కదా అని స్క్రూ కన్నాల దగ్గర ధారాళంగా పోయరాదు. కన్నంలోపల పూత ఉండదు, చెక్క నీరు తాగి ఉబ్బి, చుట్టూ ఉన్న వార్నీషును పగలగొడుతుంది.

పాఠాంతరం: "వేయిదాక" అన్నచోట "రెండువేలు" అని పెట్టె అడుగున మరో పాఠం ఉంది. గణం సరిపోతుంది గాని యతి చెడుతుంది. పనికి మాత్రం అదే మంచిది.

4

వాన కాలమందు వార్నీషు కొట్టకు
తెల్ల పొగలు కమ్ము తేమ జేరి
పలుచ పలుచగాను పదిసార్లు పూయుము
ఒక్కసారి దట్ట మొలికి పోవు.

ప్రతిపదార్థం: వాన కాలమందు = శ్రావణ భాద్రపదాలలో; వార్నీషు = నైట్రోసెల్యులోజ్ లాకరును; కొట్టకు = స్ప్రే చేయకుము; తేమ జేరి = గాలిలోని చెమ్మ చేరి; తెల్ల పొగలు కమ్ము = పాలిపోయినట్టు తెల్లబడును; పలుచ పలుచగాను = మిక్కిలి పల్చగా; పదిసార్లు = అనేకసార్లు; ఒక్కసారి దట్టము = (బద్ధకించి) ఒకేసారి దళసరిగా కొట్టినది; ఒలికి పోవు = జారి కారును. "బద్ధకించి" అనేది అధ్యాహారం.

గ్రంథానికి ఇది హృదయస్థానం. మొదటి పాదం అనుభవజన్యం. కర్త శ్రావణంలోనే మొదలుపెట్టాడు. లాకరులో కలిపే థిన్నరు చాలా తొందరగా ఆవిరవుతుంది. ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. చల్లబడ్డ చోట గాలిలోని చెమ్మ దిగుతుంది. అది పూతలో చిక్కుకుంటే ఆకుపచ్చ గిటారు మీద మంచు పట్టినట్టు తెల్లగా కమ్ముతుంది. ఫర్నిచరు పాలిష్ మేస్త్రీలకు ఇది తెలిసిన జబ్బే. నిదానంగా ఆరే థిన్నరు, వాళ్లు రిటార్డరు అనేది, పల్చగా చల్లితే పూత మళ్లీ కరిగి చెమ్మను వదులుతుంది. రాణీగంజ్ షాపువాడు దాన్ని అడగకుండానే ఇచ్చాడు, బయట వాన చూసి.

రంగు విషయం. కారు రంగు గిటారుకు వేయడం అనాచారమని కొందరంటారు. వారు సంప్రదాయం తెలియనివారు. ఫెండరు కంపెనీ 1960ల తొలినాళ్లలో అదనపు డబ్బు పుచ్చుకుని వేసిన ప్రత్యేక రంగులు దాదాపు అన్నీ మోటారు కార్లవే. ఫియస్టా రెడ్ ఫోర్డు కారుది, లేక్ ప్లాసిడ్ బ్లూ క్యాడిలాక్‌ది. రంగు డబ్బాలు డ్యూపాంట్ కంపెనీవి. ఎడ్డీ వాన్ హేలెన్ ఇంకా కిందికి దిగాడు. 1970లలో లోపమున్నదని చవకగా అమ్మిన మొండేనికి వేరే మెడ బిగించి, గిబ్సన్ పికప్పు తొలిచి పెట్టి, టేపులు అంటించి చారలు వేసి, తరువాత సైకిలు ఎరుపు కొట్టాడు. తంత్రీవంతెన కింద ఒక పావలా డాలరు నాణెం బిగించాడు. ఆ ఫ్రాంకెన్‌స్ట్రాటును చూసి తరువాత కంపెనీలే నకళ్లు చేసి అమ్మాయి. కాబట్టి కర్త బండి రంగు తేవడం స్మృతిసమ్మతం.

రంగు కింద అస్తరు గురించి కర్త మౌనం వహించాడు. చెక్కను ముందు సీలరుతో మూయాలి. లేకపోతే మొదటి రెండు పూతలు చెక్క తాగేస్తుంది. లక్క పెచ్చులు స్పిరిట్‌లో కరిగించి పూసినా పనిచేస్తుంది. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ లక్కే. దాని మీద దాదాపు ఏ పూతైనా పట్టుకుంటుంది. మెడ దూరే గుంటలో మాత్రం టేపు అంటించి రంగు పడకుండా చూడాలి. అక్కడ పూత దళసరైతే మెడ దూరదు, దూర్చితే అంచు చిట్లుతుంది.

ప్రక్షిప్తం: మూలప్రతిలో ఈ పద్యం పక్కన వేరే దస్తూరీలో, బాల్‌పెన్నుతో, ఒక పాదం ఉంది.

థిన్నరింట పెట్ట తిండి లేదు.

ఇది ఊరినుంచి తిరిగొచ్చిన మా అక్క చేర్చినదని దస్తూరీని బట్టి నిశ్చయించాను. ప్రక్షిప్తమైనా ప్రమాణమే. నైట్రోసెల్యులోజ్ అంటే నత్రికామ్లంలో ముంచిన దూది సంతతి. పాతకాలపు సినిమా రీళ్లు దీనితోనే చేసేవారు, అవి భగ్గున మండి హాళ్లు తగలబడిన రోజులున్నాయి. థిన్నరు ఆవిరి గాలికంటే బరువు, నేలమట్టంగా పాకుతుంది. బాల్కనీకి ఆనుకున్నది దేవుడి గది, అందులో అఖండ దీపం. మా అక్కకు రసాయనశాస్త్రం రాదు, అయినా యతి కుదిరింది.

శంక: నైట్రో పూత పల్చన గనుక చెక్క ఊపిరి పీలుస్తుంది, నాదం బాగా వస్తుంది, పాలియెస్టరు చెక్కను ఊపిరాడకుండా చేస్తుంది అని పెద్దలంటారు కదా?

సమాధానం: కొట్టేసిన చెక్క ఊపిరి పీల్చదు. పీలిస్తే కంగారుపడాలి. విద్యుత్ గిటారులో వినబడేది ఏమిటి? అయస్కాంతం మీదుగా ఉక్కుతీగ కదులుతుంది, ఆ కదలికకు చుట్టూ ఉన్న రాగిచుట్టలో విద్యుత్తు పుడుతుంది, అది ఆంప్లిఫయరుకు పోతుంది. ఈ దారిలో ఆకుపచ్చ రంగు ఎక్కడ నిలబడింది?

పూర్వపక్షి ఊరుకోడు. 1950ల నాటి గిటార్లు అంత బాగా మోగుతాయేం? అంటాడు. మోగేవాటిని దాచుకున్నారు, మోగనివాటిని పారేశారు. మిగిలినవి గొప్పవాళ్ల చేతుల్లో పడ్డాయి. ఇదంతా పూత ఖాతాలో రాయడం అన్యాయం. నైట్రోకు నిజమైన గుణం వేరే ఉంది. గీత పడితే పాత పూతను కొత్త పూత కరిగించుకుని కలిసిపోతుంది, అతుకు కనబడదు. ఇంట్లో పనిచేసేవాడికి అది పెద్ద వరం. దాని దోషం త్వరగా అరగడం, పగలడం. ఆ దోషమే ఇప్పుడు కీర్తి. 1995 నుంచి ఫెండరు వారి కస్టమ్ షాపు కొత్త గిటార్లను చేత్తో అరగదీసి, గీరి, తుప్పు పట్టించి, రెలిక్ అనే పేరుతో మామూలు ధరకు మించి అమ్ముతోంది. ఈ మాట మా అక్కకు చెబితే, ఆ లెక్కన తన పెళ్లినాటి మిక్సీ ఎంత పలుకుతుందని అడిగింది.

5

ఆఱు వారములకు ననుమానమున్నచో
ముక్కు దగ్గరుంచి మూడు మార్లు
వాసనరసి చూడు వచ్చిన నాపుము
గోరు గుచ్చబోకు కొంప మునుగు.

తాత్పర్యం: ఆరు వారాలైనా పూత ఎండిందో లేదోనన్న అనుమానం ఉంటే వాసన చూడాలి. థిన్నరు వాసన వస్తే ఇంకా ఆగాలి. గోటితో నొక్కి చూడరాదు.

చిన్న పద్యం, పెద్ద నిజం. లాకరు ఆరడమంటే లోపలి థిన్నరు బయటికి పోవడమే. పైపొర గంటలో ముట్టుకోనిస్తుంది, అడుగుపొర వారాల తరబడి మెత్తగా ఉంటుంది. తొందరపడి మెరుగు పెడితే, తరువాత అది కుంగి, చెక్క చారలు పైకి తేలతాయి. ముక్కును మించిన పరికరం లేదు. మొండేన్ని బట్టల హ్యాంగరుకు కట్టి బాల్కనీ కడ్డీకి వేలాడదీశారు. వాచ్‌మన్ నుంచి కేబుల్ అబ్బాయి దాకా వచ్చినవాళ్లందరూ వాసన చూసి తలో అభిప్రాయం చెప్పారు.

ఆరు వారాలు ఎక్కువనిపిస్తే బ్రయన్ మే కథ తలచుకోవాలి. 1963లో, స్కూలు కుర్రాడుగా ఉన్నప్పుడు, గిటారు కొనే స్తోమతు లేక తండ్రి హెరాల్డ్‌తో కలిసి ఇంట్లోనే ఒకటి మొదలుపెట్టాడు. మెడ ఒక పాత నిప్పుగూటి పైపలక, మహాగని. అందులో పురుగు తొలిచిన కన్నాలను అగ్గిపుల్లలతో పూడ్చాడు. స్ప్రింగులు పాత మోటారు సైకిలు ఇంజనువి, మీట కొసన అల్లిక సూది ముక్క, మెట్ల మధ్య చుక్కలు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. ఇద్దరూ కలిసి దాదాపు రెండేళ్లు చేశారు. క్వీన్ బృందంలో దశాబ్దాలపాటు మోగింది ఆ రెడ్ స్పెషలే. కర్తకు ఇది చెప్పాను. "వాళ్ల నాన్న సాయం చేశాడు మామయ్యా, కుర్చీలో కూర్చోలేదు" అన్నాడు. ఇది ప్రస్తుతాంశం కాదు.

మెరుగు గురించి కర్త పద్యం రాయలేదు. 2000 కాగితం తరువాత కార్లకు వాడే రబ్బింగ్ కాంపౌండు, మెత్తటి బనీను గుడ్డ. అంచుల మీద చేయి తేలిగ్గా పడాలి. పూత ఎప్పుడూ అంచులోనే పల్చన, అక్కడే రుద్దుడు ఎక్కువ, నాలుగు అదనపు రుద్దులకు రంగు పోయి చెక్క బయటపడుతుంది. పై కొమ్ము అంచున అలా ఒక పెసరగింజంత కనబడుతోంది. కర్త దాన్ని రెలిక్ అంటున్నాడు.

6

ఝుమ్ము ఝుమ్మటన్న జూడుము భూతీగ
గుర్రమునకు దాని కూర్పు కలదొ
లేదొ, యతుకు మెరియలేదేని మరియొక
మారు కాచి పెట్టు మాటలాపి.

ప్రతిపదార్థం: ఝుమ్ము ఝుమ్మటన్న = ఆంప్లిఫయరు రొద చేసినచో; భూతీగ = ఎర్తు తీగను; గుర్రమునకు = తీగలు ఆనుకునే వంతెనకు (వీణవారి మాట); దాని కూర్పు = ఆ తీగ అతుకు; కలదొ లేదొ = ఉన్నదో ఊడినదో; చూడుము; అతుకు = సోల్డరు అతుకు; మెరియలేదేని = మెరుపు లేక పాలిపోయి ఉన్నచో; మరియొక మారు = మళ్లీ; కాచి పెట్టు = వేడిచేసి అతుకుము; మాటలాపి = మాటలు మాని.

ఆరు పద్యాల్లో చెవికి సంబంధించినది ఇదొక్కటే, మిగతా అయిదూ కంటికే. పని కూడా అదే పాళ్లలో జరిగింది. శ్రావణం నుంచి దసరాలు దాటేదాకా రంగు, ఒక ఆదివారం మధ్యాహ్నం వైర్లు. మార్పు మాత్రం ఆ మధ్యాహ్నమే వినబడింది. నాకీ పాళ్లు సమ్మతం కావని వ్యాఖ్యాతగా నమోదు చేస్తున్నాను.

ఆ రొద ఎక్కడిది? ఒంటిచుట్ట పికప్పు అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకకంటే సన్నని రాగితీగను ఎనిమిది వేల చుట్ల దరిదాపుల్లో చుట్టినది. తీగ కదలికను పట్టేది అదే, ఇంట్లోని ట్యూబులైటునూ ట్రాన్స్‌ఫార్మరునూ పట్టేదీ అదే. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది కనుక ఆ స్వరమే గీమంటుంది. అమెరికా పుస్తకాల్లో 60 అని ఉంటే తికమక పడరాదు. దీన్ని చంపడానికి గిబ్సన్‌లో సెత్ లవర్ రెండు చుట్టలను పక్కపక్కన విరుద్ధంగా కలిపి 1955లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. రొద రెండింటిలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ నాదం మిగులుతుంది. అది హంబకరు. ఒంటిచుట్టలతోనే ఉండదలచినవాడు లోపలి గుంటలన్నిటికీ రాగిరేకు టేపు అంటించి, దాన్ని ఎర్తుకు కలపాలి. కర్త అదే చేశాడు. ముఖ్యమైన తీగ గుర్రానికి పోయేది. తీగలు ముట్టుకోగానే రొద తగ్గితే అది ఉన్నట్టు. పెయింటుకని విప్పినప్పుడు అందరూ తెంపేదీ, బిగించేటప్పుడు అందరూ మరిచేదీ అదే.

పనిలో పనిగా కర్త వాల్యూము బిరడాలను కూడా మార్చాడు. కోఠి గుజరాతీ గల్లీ సరుకు. ఒంటిచుట్టకు 250 కిలో ఓములు, హంబకరుకు 500 అన్నది వాడుక. విలువ తగ్గేకొద్దీ పదును తగ్గి ధ్వని మెత్తబడుతుంది. ఇది వినబడే మార్పు, ఖర్చు రెండు సినిమా టికెట్లంత లేదు.

పికప్పు కీచుమంటే కరిగిన మైనంలో ముంచుతారు. వదులుగా ఉన్న చుట్లు కదలకుండా బిగుసుకుంటాయి. వీణకు మైనం మెట్ల కింద, గిటారుకు చుట్టలోపల.

శంక: ఎవరో చేసిన వాయిద్యాన్ని ఇలా మార్చవచ్చునా? సమాధానం: పాలకొల్లు ప్రమాణం ఉంది. ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) విద్యుత్ మాండలిన్ మీద నాలుగు జంటతీగల పద్ధతి వదిలి అయిదు ఒంటితీగలు కట్టుకుని కర్ణాటక సంగీతం వాయించాడు. పడమటి వాయిద్యానికి గమకం పలికించడానికి ఆయన మార్చింది తీగలను. ఆయన మాండలిన్ రంగేమిటని ఎవరూ అడగలేదు.

"మెరియలేదేని": తగరం, సీసం కలిసిన 60/40 సోల్డరు సరిగా అతికితే మెరుస్తుంది, చల్లారేలోపు కదిలితే బూడిదరంగుకు తిరుగుతుంది. సీసం లేని కొత్త రకం మంచి అతుకైనా మెరవదు, కాబట్టి ఈ లక్షణం దానికి అతివ్యాప్తం.

"మాటలాపి": ఈ పదం ఎవరినుద్దేశించినదన్న విషయంలో మతభేదాలున్నాయి. అతుకు గట్టిపడే రెండు మూడు సెకన్లు చేయి కదలరాదు, మాట్లాడితే కదులుతుంది గనుక ఇది అతికేవాడికి స్వగతమని ఒక మతం. సోల్డరు పొగ నోటికి పోకుండా చెప్పిన ఆరోగ్యసూత్రమని మరొకటి. ఆ రెండూ నావే. కుర్చీలో ఉన్నవాణ్ణి ఉద్దేశించినదని మూడో మతం, అది కర్తది. గ్రంథకర్త అభిప్రాయం వ్యాఖ్యాతను బంధించదని పూర్వాచార్యుల సిద్ధాంతం.